గోకు, నరుటో ఒకే ఎపిసోడ్‌లో ఎందుకు కలవరు?

అనిమే (జపాన్ యానిమేషన్) పిచ్చి ఉన్న ఇద్దరు ఒకచోట కూర్చుంటే కాసేపటికి వచ్చే మాట ఒకటే, వీడూ వాడూ తలపడితే ఎవరు గెలుస్తారు? డ్రాగన్ బాల్ హీరో గోకు, నరుటో సిరీస్ హీరో నరుటో ఎదురెదురుగా నిలబడితే ఎలా ఉంటుంది, డెత్ నోట్ హంతకుడు లైట్ యాగామి కేసు డిటెక్టివ్ కోనన్ చేతికి వస్తే ఎన్నాళ్లలో పట్టుకుంటాడు... ఊహించుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఫ్యాన్స్ బొమ్మలు గీసేస్తారు, కథలు రాసేస్తారు, ఓపిక ఉన్నవాళ్లు యానిమేషన్ కూడా చేసి యూట్యూబ్‌లో పెట్టేస్తారు. మరి ఆ పాత్రల్ని రోజూ గీసే స్టూడియోలకి, వాటి మీద కోట్లు సంపాదించే కంపెనీలకి ఈ పని ఎందుకు చేతకావట్లేదని చాలామంది విసుక్కుంటుంటారు. ఐడియా రాకపోవడం వల్ల మాత్రం కాదు, అది ఎప్పుడో వచ్చింది. 1973లోనే తోయి సంస్థ మజింగర్ జెడ్‌నీ డెవిల్‌మాన్‌నీ ఒకే సినిమాలో కలిపేసింది. కాకపోతే ఆ రెండు పాత్రల్నీ సృష్టించింది ఒక్కడే, గో నగాయ్. ఈ "కాకపోతే" దగ్గరే అసలు విషయమంతా ఉంది.

అనిమే అయిపోయాక పేర్లు పడేటప్పుడు, లేదా పోస్టర్ కింద అంచున, సన్నటి అక్షరాల్లో కాపీరైట్ గుర్తు పక్కన ఒక వరుస ఉంటుంది. ఎవరూ చదవరు దాన్ని. ఒకసారి చదివితే క్రాసోవర్ (వేర్వేరు సిరీస్‌ల పాత్రల్ని ఒకే కథలో కలపడం) కష్టాలు సగం అక్కడే అర్థమవుతాయి. వన్ పీస్ కింద ఉండే పేర్లు: ఎయిచిరో ఓడా (రచయిత), షూయేషా (పత్రిక వేసే పబ్లిషర్), ఫుజి టీవీ (ఛానల్), తోయి యానిమేషన్ (స్టూడియో). డ్రాగన్ బాల్ కింద: బర్డ్ స్టూడియో, షూయేషా, ఫుజి టీవీ, తోయి యానిమేషన్. బర్డ్ స్టూడియో అంటే డ్రాగన్ బాల్ రచయిత అకిరా తోరియామా సొంత సంస్థ. అంటే మొదటి పేరు తప్ప మిగతా మూడూ అవే. ఇప్పుడు నరుటో కింద చూడండి: మసాషి కిషిమోతో, షూయేషా, టీవీ టోక్యో, పియెరో. పత్రిక ఒకటే, ఛానల్ వేరు, స్టూడియో వేరు. వన్ పీస్ హీరో లూఫీ, గోకు ఒకే ఎపిసోడ్‌లో కనిపించారు. నరుటో వాళ్లతో అలా ఎప్పుడూ కలవలేదు. ముగ్గురూ షోనెన్ జంప్ అనే ఒకే వారపత్రిక పేజీల్లో పుట్టినవాళ్లే అయినా సరే.

ఆ కలిసిన రోజు 2013 ఏప్రిల్ 7, ఆదివారం. ఫుజి టీవీలో ఆదివారం పొద్దున్న 9 గంటలకి తోరికో అనే సిరీస్, 9:30కి వన్ పీస్ వచ్చేవి. ఆ రోజు రెండు స్లాట్లనీ కలిపేసి గంట స్పెషల్ వేశారు, దాంట్లోకి డ్రాగన్ బాల్ జెడ్ వాళ్లని కూడా పిలిచారు. పేరు డ్రీమ్ 9. చూస్తే భలే సరదాగా ఉంటుంది, ముగ్గురు హీరోలూ తిండిపోతులే కాబట్టి తిండి చుట్టూ ఒక పందెం పెట్టి కథ నడిపించేశారు. కానీ తెర వెనక ఎన్ని కలిసి వచ్చాయో లెక్కపెట్టండి. మూడు సిరీస్‌లూ షూయేషావే, మూడింటినీ తీసేది తోయి, మూడూ వచ్చింది ఫుజి టీవీలో. తోరికోకి ముందు అదే 9 గంటల స్లాట్‌లో నడిచింది డ్రాగన్ బాల్ కాయ్. పైగా సుమారు వారం ముందు, మార్చి 30న, జపాన్‌లో డ్రాగన్ బాల్ జెడ్ కొత్త సినిమా రిలీజైంది. గోకుని టీవీలో చూపించడం వల్ల అందరికీ లాభమే, ఎవరికీ నష్టం లేదు. ఇన్ని గ్రహాలు ఒకే రాశిలోకి వస్తేగానీ ఒక గంట ఎపిసోడ్ తయారవలేదు.

జపాన్‌లో ఒక అనిమేకి ఒక యజమాని ఉండడం తక్కువ. ప్రొడక్షన్ కమిటీ అని ఒక పద్ధతి ఉంది, జపనీస్‌లో సెయిసాకు ఇయింకై అంటారు. మాంగా (జపాన్ కామిక్స్) వేసిన పబ్లిషర్, టీవీ ఛానల్, పాటలు అమ్మే మ్యూజిక్ కంపెనీ, బొమ్మలు చేసే కంపెనీ, ప్రకటనల ఏజెన్సీ, ఇలా అయిదారుగురు తలా కొంత డబ్బు వేసుకుని ఒక సిరీస్ తీస్తారు. ఆడకపోతే నష్టం పంచుకుంటారు, ఆడితే ఎవరి హక్కు వాళ్లు అమ్ముకుంటారు. బొమ్మ గీసే స్టూడియోకి చాలాసార్లు ఇందులో వాటా చాలా తక్కువ, ఒక్కోసారి అసలు ఉండదు, కూలీ తీసుకుని పని చేసి పెట్టడమే. 2022లో చైన్సా మ్యాన్‌ని మాప్పా స్టూడియో మొత్తం తన సొంత డబ్బుతో తీసిందంటే అది వార్త అయింది, అంత అరుదు అది.

రెండు సిరీస్‌లు కలపాలంటే రెండు కమిటీలు కలవాలి. చూడటానికి అయిదుకి అయిదు కలిపితే పది మంది ఒప్పుకుంటే చాలు అనిపిస్తుంది, నిజానికి చిక్కు అంతకంటే పెద్దది, ఎందుకంటే ఒక కమిటీలో ఉన్న బొమ్మల కంపెనీకి రెండో కమిటీలో ఉన్న బొమ్మల కంపెనీ నేరుగా పోటీ. ఇద్దరు హీరోలు భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడిన బొమ్మని ఎవరు అమ్మాలి? ఎండింగ్ పాట ఎవరి గాయకుడిది? ఏ ఛానల్‌లో రావాలి, ఏ రోజు, ఏ టైమ్‌కి? ఏ ఛానల్ అయినా తన డబ్బుతో పక్క ఛానల్ హీరోకి ప్రచారం చేసి పెట్టదు కదా. విదేశాల్లో స్ట్రీమింగ్ హక్కులు, డబ్బింగ్ హక్కులు ఒక్కో సిరీస్‌కి ఒక్కో కంపెనీకి అప్పుడే అమ్మేసి ఉంటే ఆ కాగితాలు కూడా తిరగరాయాలి. ఇంతా చేసి వచ్చేది ఒక్క స్పెషల్ ఎపిసోడ్. అదే శ్రమతో, అదే లాయర్ల ఖర్చుతో ఎవరి సిరీస్‌కి వాళ్లు కొత్త సీజన్ మొదలుపెట్టుకోవచ్చు. నిర్మాత స్థానంలో ఎవరున్నా రెండోదే ఎంచుకుంటారు.

ఇక్కడ చాలామంది అమెరికా సూపర్‌హీరో సినిమాలతో పోల్చి, వాళ్లకి అయింది వీళ్లకి ఎందుకు అవదంటారు. ఆ పోలిక కుదరదు. అక్కడి పెద్ద కామిక్స్ కంపెనీలు మొదటి నుంచీ రచయితలకి, బొమ్మలు గీసేవాళ్లకి డబ్బు ఇచ్చి పాత్రని తమ పేరున రాయించుకున్నాయి. పాత్ర కంపెనీ ఆస్తి, ఎవరితో కలపాలో కంపెనీ ఇష్టం. జపాన్‌లో మాంగా గీసినవాడి చేతిలోనే కాపీరైట్ ఉంటుంది, పబ్లిషర్ ఎంత పెద్దదైనా సరే. దానికి తోడు 1970 నాటి జపాన్ కాపీరైట్ చట్టం రచయితకి ఇంకో బలం ఇచ్చింది. 20వ సెక్షన్ ప్రకారం తన సృష్టిని తన ఇష్టానికి విరుద్ధంగా మార్చకుండా ఆపే హక్కు రచయితది. ఆ హక్కుని అమ్మడానికి, రాసివ్వడానికి కూడా వీల్లేదని 59వ సెక్షన్ చెబుతుంది.

ఇదేదో కాగితం మీద మాట అనుకోవద్దు. తోకిమేకి మెమోరియల్ అని హైస్కూల్ ప్రేమకథ గేమ్ ఒకటి ఉండేది, ఆడేవాడు రోజురోజుకీ కష్టపడి హీరో చదువుకీ తీరుకీ ఉన్న అంకెల్ని పెంచుకుంటూ పోతేనే కథ ముందుకెళ్తుంది. ఎవరో ఆ అంకెలన్నీ మొదటి నుంచే ఆకాశంలో ఉండేలా ఒక మెమరీ కార్డ్ తయారుచేసి అమ్మారు. 2001లో జపాన్ సుప్రీంకోర్టు అది తప్పేనని తేల్చింది. గేమ్ ప్రోగ్రామ్‌ని ఎవరూ ముట్టుకోలేదు. హీరో స్వభావం మారిపోయి కథ అనుకోని దారిలో వెళ్లింది కాబట్టి సృష్టికర్త హక్కుకి భంగం కలిగిందన్నారు. పాత్ర స్వభావాన్ని అంత పట్టుదలగా కాపాడే చోట, ఒక రచయిత హీరోని ఇంకో రచయిత కథలో పెట్టి, ఎవరో మూడో మనిషి రాసిన డైలాగులు చెప్పించడం ఎంత సున్నితమైన పనో వేరే చెప్పక్కర్లేదు.

రోజువారీ పనిలో దీన్ని కాన్షూ అంటారు, అంటే పర్యవేక్షణ, చూసి సరేననడం. స్క్రిప్టు, డిజైన్, పోస్టర్, కీచైన్ మీద బొమ్మ, అన్నీ హక్కుదారుల దగ్గరికి వెళ్లి రావాలి. "మా హీరో ఇలా నవ్వడు", "పెద్దవాళ్లతో ఇలా మాట్లాడడు" అని దిద్దుబాట్లు వస్తాయి, మార్చి మళ్లీ పంపాలి. మామూలు సిరీస్‌లో ఒక గడప ఎక్కి దిగితే సరిపోతుంది. క్రాసోవర్‌లో ఒక గడపలో ఓకే అయింది రెండో గడపలో ఆగిపోతుంది, అక్కడ మార్చినదాన్ని మళ్లీ మొదటివాళ్లకి చూపించాలి. స్టూడియోల చేతిలో ఉండే టైమ్ అసలే తక్కువ, మంచి యానిమేటర్లు ఏళ్ల ముందే బుక్ అయిపోయి ఉంటారు, వారం వారం మాంగా గీసే రచయితకి నిద్రే ఉండదు. ఇన్నిసార్లు తిరగడానికి ఎవరికీ తీరిక లేదు.

అయినా కొన్ని జరిగాయి, ఏవి జరిగాయో చూస్తే పై మాటే మళ్లీ రుజువవుతుంది. లూపిన్ ది థర్డ్, డిటెక్టివ్ కోనన్ కలిసిన టీవీ స్పెషల్ 2009 మార్చి 27న వచ్చింది. పబ్లిషర్లు వేరు, ఒకటి ఫుతాబాషా, ఇంకోటి షోగాకుకాన్. కానీ రెండింటినీ తీసేది టీఎంఎస్ స్టూడియోనే, రెండూ వచ్చేది నిప్పాన్ టీవీ నెట్‌వర్క్‌లోనే. అది ఆడింది కాబట్టి 2013 డిసెంబర్‌లో సినిమా తీశారు, అది 400 కోట్ల యెన్‌లకి పైగా వసూలు చేసింది. గింటామా, స్కెట్ డాన్స్ 2011లో ఒకదాని ఎపిసోడ్‌లో ఒకటి కనిపించాయి. స్టూడియోలు వేరైనా పత్రిక, ఛానల్ ఒకటే, అన్నిటికంటే ముఖ్యంగా స్కెట్ డాన్స్ రచయిత కెంటా షినోహారా ఒకప్పుడు గింటామా రచయిత హిదెయాకి సోరాచి దగ్గర అసిస్టెంట్. గురుశిష్యులు. ఫోన్ చేసి అడిగేంత చనువు ఉంటే ఎన్ని కాగితాలు తేలికవుతాయో! 2019లో మొదలైన ఇసెకాయ్ క్వార్టెట్ ఇంకో రకం. ఓవర్‌లార్డ్, కోనోసుబా, రీజీరో, తాన్యా ద ఈవిల్, ఈ నాలుగింటినీ నాలుగు వేర్వేరు స్టూడియోలు తీశాయి, కానీ నాలుగు పుస్తకాల వెనకా ఉన్నది ఒక్క కదోకావా సంస్థే. గొడుగు ఒకటైతే దాని కింద ఎవరు నిలబడ్డా పర్వాలేదు.

సరే, సంతకాలన్నీ అయిపోయాయి అనుకుందాం. అప్పుడు కథ రాసేవాడు కూర్చుంటాడు, అసలు తలనొప్పి అతనికి అక్కడ మొదలవుతుంది. గోకు ఎంత బలవంతుడు, లూఫీ ఎంత బలవంతుడు అని ఫ్యాన్స్ కొట్టుకుంటారు గానీ బలం లెక్క ఏదో ఒకలా సర్దేయొచ్చు. సర్దడానికి వీలుకానిది చావు. వన్ పీస్‌లో లూఫీ అన్న ఏస్ చనిపోయిన ఘట్టం గుర్తు తెచ్చుకోండి. తమ్ముడి చేతుల్లో, "నన్ను ప్రేమించినందుకు థాంక్స్" అని చెప్పి పోతాడు, లూఫీ మనసు చితికిపోతుంది, ఆ తర్వాత కథ అంతా ఆ గాయం మీద నిలబడి నడుస్తుంది. ఇప్పుడు అదే లోకంలో డ్రాగన్ బాల్స్ ఉన్నాయనుకోండి. ఏడు బంతులు ఏరుకొచ్చి షెన్రాన్ అనే డ్రాగన్‌ని పిలిస్తే చనిపోయినవాళ్లు లేచి వస్తారు. గోకు పక్కనే కూర్చుని మాంసం తింటున్న లూఫీ ఆ ఒక్క కోరిక అడగకుండా ఉంటాడా? అడిగితే వన్ పీస్ కథ కూలిపోతుంది, అడగకపోతే లూఫీ లూఫీ కాడు. కోనన్ లోకంలోకి ఆ బంతులు వస్తే ఇంకా ఘోరం, హత్యకి గురైనవాణ్ని బతికించి "ఎవరు చేశారు" అని అడిగేస్తే డిటెక్టివ్‌కి పనే లేదు.

ప్రతి సిరీస్‌కీ దాని లోకంలో కొన్ని పనులు జరుగుతాయి, కొన్ని జరగవు, ఆ గిరిగీత వల్లే మనకి అక్కడ టెన్షన్ పుడుతుంది. రెండు గీతల్ని కలిపితే మెత్తగా ఉన్న గీత గట్టిగా ఉన్నదాన్ని చెరిపేస్తుంది. అందుకే తెలివైన క్రాసోవర్లన్నీ కథని ఊరవతలికి తీసుకెళ్లిపోతాయి. లూపిన్, కోనన్ మొదటిసారి కలిసింది వెస్పానియా అనే కల్పిత రాజ్యంలో, ఇద్దరి ఊరూ కాని చోట. ఇసెకాయ్ క్వార్టెట్‌లో ఎక్కడి నుంచో ఒక బటన్ ప్రత్యక్షమవుతుంది, నొక్కినవాళ్లంతా ఒక స్కూల్లో తేలతారు. ఇక్కడ జరిగింది వాళ్ల అసలు కథలో లెక్కకి రాదు. ఇది చూసి "అయితే ఎందుకు చూడాలి, అసలు కథలో ఏమీ మారదుగా" అని పెదవి విరిచేవాళ్లు ఉన్నారు. వాళ్ల బాధ నిజమే, కానీ మారితే జరిగే నష్టం దానికంటే పెద్దది.

ఇక ఎవరు గెలవాలి? మన కృష్ణార్జున యుద్ధం కథ తెలిసినవాళ్లకి ఈ ఇబ్బంది కొత్త కాదు. చూసేవాళ్లకి ఇద్దరూ దేవుళ్లే, ఎవరు ఓడినా సగం జనం ఏడుస్తారు. అనిమేలోనూ అంతే, ఓడిన హీరో రచయిత, ఓడిన హీరో బొమ్మలు అమ్మే కంపెనీ, ఇద్దరూ దానికి ఒప్పుకోరు. అందుకని టైటిల్‌లో "వర్సెస్" అని పెట్టి, కాసేపు కోపంగా చూసుకోనిచ్చి, మూడో శత్రువుని దింపి, ఇద్దరినీ కలిపి వాడి మీదికి పంపుతారు. 1973లో మజింగర్, డెవిల్‌మాన్ చేసింది అదే, 2013లో గోకు, లూఫీ, తోరికో చేసింది కూడా అదే. ఈ దారి ఇష్టం లేకనేమో తోరియామా, ఓడా ఇద్దరూ కలిసి 2006 చివర్లో గీసిన క్రాస్ ఎపోక్ అనే చిన్న మాంగాలో పోరు జోలికే పోలేదు. షెన్రాన్ టీ పార్టీకి పిలుస్తాడు, రెండు సిరీస్‌ల పాత్రలూ కలిసి అక్కడికి బయల్దేరతాయి, అంతే కథ. ప్రపంచంలోనే పెద్ద యాక్షన్ మాంగాలు రెండు కలిస్తే టీ తాగడానికి వెళ్లాయి. ఇప్పటివరకూ వచ్చినవాటిలో మనసుకి బాగా నచ్చేది అదే, ఎందుకంటే ఎవరి పాత్రని వాళ్లే గీశారు, ఒక్క గీత కూడా పరాయిగా అనిపించదు.

గీత మాట వచ్చింది కాబట్టి బొమ్మల సంగతి కూడా. లూఫీ ఒళ్లంతా రబ్బరు, చేతులు సన్నగా, నోరు చెవులదాకా సాగుతుంది. గోకు కండలు రాయి చెక్కినట్టు కోణాలుగా ఉంటాయి. ఇద్దర్నీ ఒకే ఫ్రేమ్‌లో పెట్టినప్పుడు ఒకరు అతికించినట్టు కనిపించకూడదు, అలాగని ఒకరి పోలిక ఇంకొకరికి రాకూడదు. దీనికి దొరికిన తేలిక మార్గం అందర్నీ బుడ్డ బొమ్మల్ని చేసేయడం, పెద్ద తల, చిన్న ఒళ్లు. 1991లో గేమ్‌బాయ్ మీద మొదలైన సూపర్ రోబో వార్స్ గేమ్‌లో గండమ్, మజింగర్, గెట్టర్ రోబోలు ఇలాగే ఒకే సైజుకి వచ్చాయి. కథ ప్రకారం ఒకదాని ఎత్తుకీ ఇంకోదాని ఎత్తుకీ పొంతనే ఉండదు, బుడ్డగా చేశాక ఎవరూ అడగరు. ఇసెకాయ్ క్వార్టెట్ కూడా ఇదే పద్ధతి, ఎపిసోడ్ పన్నెండు నిమిషాలే.

గొంతుల విషయం చాలామంది గమనించరు. జపాన్‌లో పేరున్న వాయిస్ యాక్టర్లు ఎన్నో సిరీస్‌లలో చెబుతుంటారు, ఎవరి ప్రపంచంలో వాళ్లు ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. లూఫీకి, డ్రాగన్ బాల్‌లో క్రిలిన్‌కి గొంతు ఒకరిదే, మయుమి తనాకా. కోనోసుబాలో పేలుళ్ల పిచ్చి ఉన్న మెగుమిన్, రీజీరోలో మెత్తగా మాట్లాడే ఎమిలియా, ఇద్దరికీ గొంతు రియే తకహాషిదే. ఇసెకాయ్ క్వార్టెట్ స్కూల్లో ఈ ఇద్దరూ కలుస్తారు, అంటే ఆమె రెండు గొంతుల్నీ ఒకే కథలో మోయాలి. కళ్లు మూసుకుని విన్నా ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది, అది ఆమె గొప్పతనం. కానీ ప్రతి క్రాసోవర్‌కీ అంత గొప్ప నటి ఉండాలనడం ఎంత పెద్ద షరతో ఆలోచించండి. ఇంతమంది పేరున్న గొంతుల డేట్లు ఒకే చోట దొరకడం, వాళ్లందరి పారితోషికం ఒకే ఎపిసోడ్ బడ్జెట్‌లో పట్టడం ఇంకో కథ.

గేమ్‌లలో మాత్రం ఈ కలయికలు ఎప్పటినుంచో జరుగుతున్నాయి. 2006లో వచ్చిన ఒక గేమ్ పేరే బ్యాటిల్ స్టేడియం డీ.ఓ.ఎన్, అంటే డ్రాగన్ బాల్, వన్ పీస్, నరుటో. గేమ్‌కి హక్కులు తీసుకునేది ఒక కంపెనీ, అదే డబ్బు పెడుతుంది, ఛానల్ స్లాట్ గొడవ లేదు. గెలుపు ఆడేవాడి చేతిలో ఉంటుంది కాబట్టి ఏ రచయితకీ పరువు సమస్య రాదు. కథ ఉన్నా లేకపోయినా నడుస్తుంది. ఫోర్ట్‌నైట్‌లో 2021 నవంబర్‌లో నరుటో వచ్చాడు, 2022 ఆగస్టులో గోకు వచ్చాడు, ఇద్దరూ అక్కడ వేషాలే. ఒకరినొకరు ఎరగరు, ఒక్క మాట మాట్లాడుకోరు. ఇది క్రాసోవర్ అంటే అవును, కోరుకున్నది ఇదేనా అంటే కాదు.

ఆ గేమ్‌లకి కూడా హక్కుల తాడు మెడ చుట్టూ ఉంటుంది. నింటెండో డీఎస్‌లో 2005లో జంప్ సూపర్ స్టార్స్, మరుసటేడు జంప్ అల్టిమేట్ స్టార్స్ వచ్చాయి, షోనెన్ జంప్ పాత్రలు గుంపులుగా ఉన్న గేమ్‌లు అవి, జపాన్ బయట ఎప్పుడూ విడుదల కాలేదు. ఒక్కో పాత్ర విదేశీ హక్కు ఒక్కో చోట ఉన్నప్పుడు అన్నీ పోగేయడం ఎంత పనో ఊహించొచ్చు. 2019 ఫిబ్రవరిలో వచ్చిన జంప్ ఫోర్స్ ప్రపంచమంతా విడుదలైంది. గోకు, లూఫీ, నరుటో ముగ్గురూ కవర్ మీదే ఉన్నారు, మొదట్లో అనుకున్న లైట్ యాగామి కూడా కథలో ఉన్నాడు, కాకపోతే నోట్‌బుక్‌లో పేరు రాసి చంపేవాణ్ని కొట్లాటలో దింపలేరు కాబట్టి అతనితో ఆడే వీలు ఇవ్వలేదు. మూడేళ్లకి, 2022 ఫిబ్రవరిలో, దాన్ని ఆన్‌లైన్ స్టోర్ల నుంచి తీసేశారు. అదే ఏడు ఆగస్టులో సర్వర్లు ఆపేశారు. ఇప్పుడు ఆ గేమ్‌లో గోకు, నరుటో పక్కపక్కన నిలబడి ఉండటం చూడాలంటే, అప్పట్లో దాన్ని కొనుక్కున్న వాళ్లు ఎవరైనా ఆఫ్‌లైన్‌లో ఆడి చూపించాలి.